నోటరీ ముద్ర: దాని విలువ, దాని హద్దు

పంచాయతీ సభ్యులారా!

కామారెడ్డి, ఎల్లారెడ్డి ప్రాంతపు గ్రామములలో మేము సంచరించునపుడు కొందరు మమ్ము ఇట్లడిగిరి: "ఇంటికడనే యుండి ఫోనులో మొగము చూపి నోటరీ చేయించుకొనవచ్చునా?"

అమెరికాలోని వర్జీనియా రాష్ట్రము 2011లో ఇట్టి పద్ధతికి శాసనము చేసినది. మన దేశమున 1952 నాటి నోటరీల చట్టము, 1956 నాటి నియమములు అమలులో నున్నవి. సాధారణముగా 10 సంవత్సరములు న్యాయవాదిగా పనిచేసినవారు నోటరీ పదవికి అర్హులు. స్త్రీలకు, షెడ్యూల్డు కులములు, తెగలు, వెనుకబడిన తరగతులవారికి 7 సంవత్సరములు చాలును. ప్రభుత్వ మిచ్చు ధ్రువపత్రమందు నోటరీ పనిచేయవలసిన ప్రాంతము నిర్ణయింపబడును. 2024లో కేంద్ర ప్రభుత్వము తాను నియమించు నోటరీల దరఖాస్తులకు, ధ్రువపత్రములకు ఆన్‌లైన్ పోర్టల్ నెలకొల్పినది. అది నోటరీల సౌకర్యమునకే గాని, మన సంతకములను దూరమునుండి స్వీకరించుటకు గాదు. కావున స్వయముగా వెళ్లి, నోటరీ ఎదుటనే సంతకము చేయుట క్షేమము.

మరియొక ముఖ్యవిషయము. నోటరీ సంతకమును ధ్రువపరచును; భూమిపై హక్కును ఈయజాలడు. 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టము ననుసరించి 100 రూపాయలు, అంతకు మించిన విలువగల స్థిరాస్తి విక్రయపత్రమును రిజిష్టరు చేయింపవలెను. ఇంటిస్థలమైన సబ్‌రిజిస్ట్రారు వద్ద, సాగుభూమియైన తహశీల్దారు వద్ద ఈ పని జరుగును. నోటరీ కాగితమును నమ్మి కూడబెట్టిన సొమ్మంతయు చెల్లించినవాడు, అదే స్థలము మరొకరి పేర రిజిష్టరైన నాడు కోర్టుల చుట్టు తిరుగవలసివచ్చును.

రాబోవు గ్రామసభలో ఈ మాటను మీ నోట వినిపింపుడు. సొమ్ము చేతులు మారకమునుపే చెప్పిన మాట ఒక కుటుంబమును నిలుపును.