నడుం నొప్పి: ఏది పని నొప్పి, ఏది దవాఖాన నొప్పి?

(నార్కట్‌పల్లి మండల రైతుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



గిట్టుబాటు ధర గురించి, కరెంటు గురించి, పాసుపుస్తకాల గురించి ఎన్నోసార్లు మాట్లాడుకున్నాం. ఈసారి నడుం గురించి మాట్లాడుకుందాం. సాగు ఖర్చులో విత్తనం, ఎరువు, కూలి రాస్తాం. నడుం ఖర్చు మనమూ రాయం, సర్కారూ రాయదు.

నాటు వేసే అక్క పొద్దంతా వంగే ఉంటది. పత్తి ఏరేటామె ఒడి నిండా బరువుతో వంగుతది. యూరియా బస్తా 45 కిలోలు, డీఏపీ 50 కిలోలు. మందు పంపులో 16 లీటర్లు పోస్తే నీళ్ల బరువే 16 కిలోలు. ఇంత చేసినంక నడుం పట్టకపోతేనే ఆశ్చర్యం.

ఇట్లా పట్టిన నడుం ఎక్కువమందికి కొద్ది వారాల్లో దానంతట అదే తగ్గుతది. మంచం దిగొద్దనే పాత సలహాను ఇప్పుడు డాక్టర్లు ఒప్పుకోరు. ఒకటి రెండు రోజులకు మించి పడుకుంటే కండరాలు ఇంకా బలం కోల్పోతయి. బరువులు ఎత్తకుండా, మెల్లగా తిరుగుతూ ఉండాలి. కాపడం పెట్టుకోవచ్చు. మొదటి వారమే స్కానింగుకు అప్పు చేయకండి. నొప్పి లేనోళ్లకు తీసినా డిస్కు అరిగినట్టు కనబడొచ్చు. నొప్పి సూదులు, గోలీలు మాత్రం నెలల తరబడి వాడితే కడుపులో పుండ్లు పడతయి, కిడ్నీలు దెబ్బతింటయి. ఎండలో చెమటోడ్చి నీళ్లు తక్కువ తాగే మనకు ఆ ముప్పు ఎక్కువ.

ఆగకూడని నొప్పి వేరు. మూత్రం బందైనా, తెలియకుండా పోతున్నా, తొడల మధ్య మొద్దుబారినా, పాదం ఈడుస్తున్నా ఆ రోజే పెద్ద దవాఖానకు పోవాలి. మడికి నీళ్లు పెట్టి పోదాం అనుకుంటే కాలు మళ్లీ రాకపోవచ్చు. ఆడవాళ్లు మూత్రం సంగతి సిగ్గుపడి చెప్పరు, అందుకే మైకులో చెబుతున్నాం. తాటిచెట్టు మీది నుంచి పడ్డ గీత కార్మికుణ్ని లేపి కూర్చోబెట్టకండి. కదిలించకుండా 108కి ఫోన్ చేయండి. నొప్పితో పాటు జ్వరం ఉన్నా, ఒళ్లు చిక్కిపోతున్నా, రాత్రి పడుకున్నా నొప్పి తగ్గకున్నా చూపించుకోవాలి. టీబీ వెన్నెముకకూ వస్తది. సర్కారు దవాఖానలో దాని పరీక్ష, మందులు ఉచితం. ఇవేవీ లేకున్నా ఆరు వారాలకు తగ్గకపోతే డాక్టరు దగ్గరికి పోవాల్సిందే.

మన జిల్లాలో ఇంకోటుంది, ఫ్లోరైడ్. పటిక, సున్నంతో నీళ్లలో ఫ్లోరైడ్ తీసే పద్ధతికి 'నల్లగొండ టెక్నిక్' అనే పేరు పడ్డది. మనకు దక్కిన కీర్తి అది! ఫ్లోరోసిస్ మొదట మామూలు నడుం నొప్పిలాగే ఉంటది. ఏళ్లు గడిచేకొద్దీ వెన్ను కట్టెలా బిగుసుకుంటది. మోకాళ్లు వంచకుండా కింది రూపాయి బిళ్ల తీయగలరా? గడ్డం ఛాతీకి ఆనుతదా? చేతులు తల వెనక్కి పోతయా? ఇవి చేయలేనంత మాత్రాన ఫ్లోరోసిసే అని కాదు. కానీ ఏళ్లుగా బోరు నీళ్లు తాగుతున్నామని డాక్టరుకు చెప్పండి. ఎక్స్‌రే, మూత్ర పరీక్షతో తేలుస్తరు. బిగిసిన ఎముకను మందు వెనక్కి తేలేదు. నీళ్లు మారిస్తే ముదరకుండా ఆగొచ్చు.

ఇండ్లకు భగీరథ నల్లా వచ్చింది. కానీ పొలం కాడ దూప అయితే బోరు పైపు కిందే దోసిలి పడుతున్నం. కాస్తే ఫ్లోరైడ్ పోదు, ఇంకా చిక్కబడతది. లీటరుకు ఒకటిన్నర మిల్లీగ్రాములు దాటిన నీళ్లు తాగడానికి పనికిరావు. చూస్తే తెలియదు, తాగితే తెలియదు. ఇంటి నుంచే సీసా తీసుకపోండి.

వచ్చే సమావేశానికి ప్రతి ఊరి నుంచి పొలం బోరు నీళ్లు ఒక లీటరు, గాజు సీసాలో కాదు, ప్లాస్టిక్ సీసాలో తెండి. ఊరు, సర్వే నంబరు రాసి అంటించండి. గ్రామీణ నీటి సరఫరా ల్యాబులో పరీక్ష చేయించే బాధ్యత సంఘానిది.