పాఠశాలలలో పరామర్శ – మన సంఘ కర్తవ్యము

(బాన్సువాడ వార్షిక మహాసభయందు చేసిన ఉపన్యాసము)



విద్యార్థివేతనములు, వసతిగృహములు, ఉద్యోగములు అను విషయములను మన సభలు పలుమారులు చర్చించినవి. నేను ప్రస్తావింపదలచినది ఇంతవరకు మన సభలలో చోటు దొరకని విషయము. పిల్లవాని పుస్తకములకును, రుసుములకును మనము ధనమిచ్చుచున్నాము. వాని మనస్సు బరువెక్కినప్పుడు ఆ బరువు దించుకొనుటకొక చోటు చూపితిమా? ఇదియే నా ప్రశ్న.

దీనిని విద్యాశాఖవారు కౌన్సెలింగనుచున్నారు. ఇంజనీరింగు, వైద్యకళాశాలల సీట్ల పంపకమునకును ఇదే పేరు వాడుకయందుండుటచే మనలో చాలమంది కౌన్సెలింగనగా సీట్ల వ్యవహారమని తలంతురు. కావున నేను పరామర్శ యను మాటను వాడెదను. సంస్కృతమున ఈ పదమునకు స్పృశించుట, లోతుగ విచారించుట అని యర్థములు. తెలుగున కష్టమందున్నవారి యింటికి పోయి పలుకరించుట పరామర్శ. అట్లు పోయినవాడు అచ్చట ఉపన్యాసమీయడు. చాపమీద కూర్చుండును, వారు చెప్పినంతయు వినును, పిదప తనకు తోచిన సాయము చేయును. పాఠశాలలలో కావలసినదియు నిదియే.

భగవద్గీతను పారాయణము చేయువారు ఒక సంగతి గమనింపవలెను. అర్జునవిషాదయోగమను మొదటి యధ్యాయమంతటిలో శ్రీకృష్ణుడు పలికినది ఒక్క చిన్న వాక్యము మాత్రమే. అర్జునుడు తన భయమును, సందేహమును వెళ్ళబోసికొనుచుండగా ఆయన వినెను. రెండవ యధ్యాయారంభమున రెండు శ్లోకములలో మందలించి చూచెను. దానితో అర్జునుని విషాదము తీరలేదు. అసలు బోధ 11వ శ్లోకమున గాని మొదలు కాలేదు. “ధైర్యము తెచ్చుకొనుము, ఏడ్చుట యేమి?” అని మనము పిల్లలతో అనుమాటలు ఫలింపకపోవుటకు ఇంతకంటె వేరు ప్రమాణమేల? చరకసంహితయు చికిత్సను మూడు విధములుగ విభజించి, అందు మనస్సును అహితవిషయములనుండి మరల్చు సత్త్వావజయమును వేరుగ పేర్కొన్నది. కనుక మనస్సునకు చికిత్స యనుట మనకు క్రొత్త కాదు, సిగ్గుపడదగినదియు కాదు.

పాఠశాలలలో దీనిని ఒక యేర్పాటుగ నిలుపవలెనను తలంపు మన దేశమున చిరకాలమునుండి కలదు. 1952–53లో మొదలియారు సంఘము మాధ్యమిక పాఠశాలలకు మార్గదర్శకులు కావలెనని చెప్పెను. 1964–66 నాటి కొఠారీ సంఘము ప్రతి పాఠశాలకు ఒకరిని నియమించుట కష్టమని యెరిగి, పది ఉన్నతపాఠశాలలకు ఒక పరామర్శకుడైన తిరుగుచుండవలెనని సూచించెను. 2009 నాటి విద్యాహక్కు చట్టము పిల్లలను కొట్టుటనే గాక మానసికముగ వేధించుటను గూడ నిషేధించినది. 2020 నాటి జాతీయ విద్యావిధానము పరామర్శకుల యావశ్యకతను మరల చెప్పినది. విశాఖపట్టణమున వైద్యవిద్యా ప్రవేశపరీక్షకు చదువుచుండిన ఒక బాలిక మరణమునకు సంబంధించిన వ్యాజ్యమున, 2025 జులై 25న సర్వోన్నత న్యాయస్థానము 100 మందికి తక్కువ గాకుండ విద్యార్థులున్న ప్రతి విద్యాసంస్థయు శిక్షణపొందిన పరామర్శకుని ఒక్కరినైన ఏర్పరచుకొనవలెనని ఆదేశించినది. మార్కులనుబట్టి పిల్లలను వేరు తరగతులుగ విడదీయుటయు, పదిమందిలో అవమానించుటయు కూడదనెను.

1923లో ఆరంభమై 1931 నాటికి ముగిసిన నిజాంసాగరు నీటితో పండు సీమ మనది. జలాశయము నిండినంత మాత్రమున పొలము తడియదని మన రైతులకు ఒకరు చెప్పనక్కరలేదు. కాలువ పూడిక తీయవలెను, తూము విప్పవలెను, చివరి మడిదాక నీరు పారించువాడుండవలెను. ఉత్తర్వులును ఇట్టివే. మన గ్రామపు చివరి బెంచీమీది పిల్లవానిదాక వానిని పారించు పని ఎవరిది?

ఆ యవసరము ఎంతటిదో చూడుడు. జాతీయ నేర నమోదు సంస్థ లెక్కలనుబట్టి 2022లో మన దేశమున ప్రాణములు తీసికొన్న విద్యార్థులు 13,044 మంది. అదే సంవత్సరమున పరీక్షలలో తప్పుటయే కారణముగ నమోదైన మరణములు 2,248. మన తెలంగాణమున 2019 ఏప్రిలులో ఇంటరు ఫలితములు వెలువడిన పిమ్మట కొలది దినములలో 20 మందికి పైగా బిడ్డలను పోగొట్టుకొంటిమి. ఇంతేగాక మన నిజామాబాదు, కామారెడ్డి జిల్లాలనుండి అనేకులు గల్ఫు దేశములకు పొట్టకూటికై పోయియున్నారు. అట్టి యిండ్లలో తండ్రి ఫోనులో వినబడు గొంతు మాత్రమే. తల్లియో, అవ్వయో ఇల్లు నడపుచుందురు. అట్టి పిల్లవాడు తన భయమును ఎవరితో చెప్పుకొనును?

ఇక ఏర్పాటు ఎట్లుండవలెనో మనవి చేసెదను.

మొదటిది, మనిషి. మనస్తత్త్వశాస్త్రమున గాని, సమాజసేవలో గాని చదువుకొని, బాలల విషయమున శిక్షణపొందినవారు కావలెను. మార్కులు వేయువారికిని, బెత్తము పట్టువారికిని పిల్లవాడు మనసిచ్చి చెప్పడు గనుక ఈ పని వారి కప్పగింపరాదు. బాలికలకు స్త్రీ పరామర్శకురాలు అందుబాటులో నుండవలెను.

రెండవది, స్థలము, వేళ. ప్రధానోపాధ్యాయుని గది ముందుగ నడచి పోవలసిన చోటైనచో ఎవరును రారు. వారమున నియమితమైన దినమున, నియమితమైన వేళకు పరామర్శకులు వచ్చి తీరవలెను. రెండు వారములు రాకపోయిన యెడల పిల్లల నమ్మకము పోవును. తప్పినవారిని, అల్లరిచేయువారిని మాత్రమే పంపినచో ఆ గది శిక్షాస్థలమగును. కాబట్టి సంవత్సరమున ఒకమారైన ప్రతి విద్యార్థిని పిలిచి మాటలాడవలెను.

మూడవది, రహస్యపాలనము. పిల్లవాడు చెప్పిన మాట ఉపాధ్యాయుల గదిలో ముచ్చట కారాదు. ఆ వ్రాతలు తాళములోనుండవలెను. ఐనను ప్రాణాపాయమున్నచో పెద్దలకు తెలుపక తప్పదు. లైంగిక దౌర్జన్యమైనచో 2012 నాటి పోక్సో చట్టము ప్రకారము పోలీసులకు తెలుపుట విధి. ఈ హద్దులను పిల్లవానికి మొదటనే చెప్పవలెను. చావుమాట యెత్తి అడిగినచో లేని తలంపు కలుగునని కొందరు జంకుదురు. అది నిజము కాదు. దయతో సూటిగ అడుగుటచే లోని బరువు తగ్గునని వైద్యులు చెప్పుచున్నారు.

నాలుగవది, నాయకత్వము. దీనికి సారథి ప్రధానోపాధ్యాయుడే. నెలకొకమారు పరామర్శకుని, ఇద్దరు ఉపాధ్యాయులను, ఒక తల్లిని కూర్చుండబెట్టుకొని, పేర్లు అడుగక, ఎందరు వచ్చిరి, ఏ తరగతివారు, ఎట్టి బాధలు అను మూడు సంగతులు మాత్రము తెలిసికొనవలెను. ఒకే తరగతినుండి పదిమంది వచ్చినచో లోపము పిల్లలలో గాక ఆ తరగతి నడకలోనే యుండవచ్చును. మాటతో తీరని వ్యాధియైనచో ఆలస్యము సేయక మానసికవైద్యుని యొద్దకు పంపవలెను. 2022 అక్టోబరు 10న ఆరంభమైన టెలీ మానస్ సేవ 14416 అను సంఖ్యపై రాత్రింబవళ్ళు ఉచితముగ పలుకును. బాలల సహాయమునకు 1098 కలదు. ఈ రెండు సంఖ్యలను ప్రతి తరగతి గోడమీదను వ్రాయింపుడు.

సోదరులారా! ఇచ్చట మన సంఘము చేయదగిన పని యొకటి కలదు. పది, ఇంటరు ఫలితములు సాధారణముగ ఏప్రిలు, మే నెలలలో వెలువడును. అప్పుడు బడులు మూతబడియుండును. పిల్లవానికి తోడు మిక్కిలి కావలసిన ఆ దినములలోనే ఉపాధ్యాయుడు దూరముగ నుండును. ఆ రెండు నెలలు మన సంఘము ఒక గదిని తెరచి, శిక్షణగల యిద్దరిని కూర్చుండబెట్టవచ్చును. తప్పినవారిచే సప్లిమెంటరీ పరీక్షకు రుసుము కట్టించి, చదివించి, మరల నిలువబెట్టవచ్చును. కొఠారీ సంఘము సూచించిన పద్ధతిని, అధికారుల యనుమతితో, బాన్సువాడ చుట్టునున్న పది బడులకు ఒక పరామర్శకుని వేతనము మన నిధినుండి యిచ్చి ప్రారంభింపవచ్చును. అది మన కులపు పిల్లలకే యని గిరి గీయరాదు. ఒకే బల్లమీద కూర్చున్న ఇద్దరిలో ఒకని దుఃఖమును విని, రెండవవానిని పొమ్మనుట విద్య యనిపించుకొనదు.

చివరగ ఒక కఠినమైన మాట, పెద్దలు మన్నింపవలెను. ప్రతి సంవత్సరము ఈ వేదికమీద మొదటి ర్యాంకులు వచ్చినవారికి శాలువలు కప్పుచున్నాము. మంచిదే. కాని తప్పిన పిల్లవాడును ఈ పందిరిలోనే, తన తల్లి ప్రక్కన తల వంచుకొని కూర్చుండును. “కులము పేరు నిలబెట్టవలెను” అని మనము వేదికమీద అనుమాట వాని చెవికి మరొక విధముగ వినబడును. పదునారేండ్ల భుజములమీద ఒక కులపు గౌరవమంతయు మోపుట న్యాయమా? బిడ్డలవలన కులమునకు కీర్తి రావచ్చును. కులముకొరకు బిడ్డ పుట్టలేదు. ఒకమారు తప్పి, మరల పట్టుదలతో వ్రాసి నెగ్గినవారిలో సమ్మతించినవారిని వచ్చు సభయందు ఇదే వేదికమీదికి పిలిచి గౌరవింపుడని నా ప్రార్థన.

పై మూడు సూచనలను, అనగా వేసవి పరామర్శకేంద్రము, పది బడుల పరామర్శకుడు, మరల లేచినవారికి సత్కారము, తీర్మానరూపమున సభవారి ముందుంచుచున్నాను. మీరు చర్చించి ఆమోదింతురని నమ్ముచున్నాను.