రోలర్ మీది పట్టీ



సంఘం వాళ్ళు ఫోన్ చేసి, "స్వర్ణోత్సవంలో నీ పని గురించి ఓ పది నిమిషాలు చెప్పాలె" అన్నప్పుడు నాకు నవ్వొచ్చింది. సిరిసిల్లలో సాంచెల గురించి చెప్పడమంటే చేపకు ఈత నేర్పినట్టే. ఈ హాల్లో సగం మంది సాంచెల చప్పుడులో నిద్రపోయి పెరిగినవాళ్ళు. మా ఇంట్లోనైతే చప్పుడు ఆగితేనే మెలకువ వచ్చేది. అందుకని సాంచె మొత్తం గురించి చెప్పను. అందులో ఒక్క సామాను గురించే చెబుతాను. అది గుడ్డను లాగే రోలర్ మీద చుట్టే పట్టీ.

వేరే ఊళ్ళ నుంచి వచ్చి మనకు చదువు చెప్పిన సార్ల కోసం రెండు మాటలు. నాడె అటూ ఇటూ తిరిగి పేక పడుతుంటే, నేసిన గుడ్డ కొంచెం కొంచెంగా ముందుకు జరగాలి. దాన్ని జరిపేది ఈ రోలర్. ఇనుప రోలర్ నున్నగా ఉంటే గుడ్డ జారిపోతుంది కాబట్టి దాని మీద గరుకుగా ఏదో ఒకటి చుట్టాలి. పాత సాంచెలకు ఎమరీ గుడ్డ చుట్టేవారు, అంటే ఉప్పుకాగితం లాంటిదే, కాకపోతే బట్ట మీద అతికించింది. ముతక నూలుకు చిల్లులు పొడిచిన రేకు చుడతారు. ఆ చిల్లుల అంచులు కొబ్బరి తురుమే పీటలాగా పైకి లేచి ఉంటాయి. టవళ్ళకు సన్న సూదుల పట్టీ ఉంటుంది. పాలిస్టర్‌కు ఇవేవీ పనికిరావు. దాని పోగులు సన్నటివి, రేకు తగిలితే తెగి బొచ్చు లేస్తుంది. దానికి పైన గింజలు గింజలుగా ఉండే రబ్బరు పట్టీ కావాలి.

పట్టీ అరిగితే ఏమవుతుంది? గుడ్డ అక్కడక్కడ జారుతుంది. జారిన చోట పేక ఒకే దగ్గర పడి గట్టి చారలు వస్తాయి. సేటు వాటిని వెలుతురుకు అడ్డంగా పెట్టి చూపించి కోత పెడతాడు.

నాకు అప్పుడు ఎనిమిది సాంచెలు. మా నాయన నాలుగు పెట్టి పోతే, నేను అప్పు చేసి భీవండి నుంచి మరో నాలుగు పాతవి తెచ్చాను. పగలు నేనూ మా చిన్నాయన కొడుకూ చూసుకునేవాళ్ళం. రాత్రి నడిపేది పదో తరగతి దాకా నా పక్కన కూర్చున్నవాడు. పేరు చెప్పొద్దన్నాడు, అందుకని మా బెంచీవాడు అంటాను. ఇప్పుడు ఈ హాల్లోనే ఉన్నాడు.

మూడు సాంచెల మీద ఎమరీ పూర్తిగా అరిగిపోయింది. ఇక్కడి దుకాణాల్లో అడిగితే ఎమరీయే ఉందన్నారు. రబ్బరు పట్టీ కోసం భీవండిలో ఉన్న మా మేనబావకు ఫోన్ చేశాను. "ఎసొంటిది గావాలె?" అన్నాడు. "ఎర్ర రబ్బరు, రెండంగుళాల వెడల్పు" అన్నాను. "మందం?" అని అతను అడగలేదు, నేనూ చెప్పలేదు. చుట్ట పార్శిల్లో వచ్చింది. పాత ఎమరీ గీకేసి, గమ్ము రాసి, కొత్త పట్టీ చుట్టాను. గుడ్డ జారడం ఆగిపోయింది. చారలు పోయాయి. నేను చాలా సంతోషపడ్డాను.

మూడు వారాలకు సేటు పిలిచాడు. పిక్కులు లెక్కపెట్టే భూతద్దం తాను మీద పెట్టి నన్నే చూడమన్నాడు. అంగుళానికి 56 ఉండాల్సిన పిక్కులు 54 ఉన్నాయి. అన్ని తాన్లూ అలా లేవు, కొన్నే. అయినా మొత్తం లోడుకు కోత పెట్టాడు.

ఇక్కడున్న ఆసాములకు నా బుర్రలో ఏం మెదిలిందో చెప్పక్కరలేదు. కూలీ మీటర్ల లెక్కన ఇస్తాం. పిక్కు తగ్గితే మీటర్లు ఎక్కువ పడతాయి. రాత్రిపూట పిక్కు చక్రం మార్చి, తెల్లారేసరికి మళ్ళీ పాతది ఎక్కించేవాళ్ళ గురించి మనం కథలు కథలుగా విన్నాం. నేను ఏ తాను ఏ సాంచెదో గుర్తు కూడా పెట్టుకోలేదు. తిన్నగా మా బెంచీవాడి దగ్గరికి పోయి, నలుగురి ముందు అడిగాను. "నేను ముట్టలే" అన్నాడు. ఇంకో మాట అనలేదు. ఆ వారం కూలీలో ఆరు వందలు పట్టుకున్నాను. మిగతావి లెక్కపెట్టుకొని, కార్ఖానా తాళంచెవి బల్ల మీద పెట్టి వెళ్ళిపోయాడు.

రాత్రి పనికి మనిషి దొరకలేదు. పది రోజులు పగలే నడిపాను. ఈసారి ప్రతి తాను అంచు మీద సాంచె నంబరు రాశాను. భూతద్దం పెట్టి చూస్తే ఐదు సాంచెల గుడ్డ 56, మూడు సాంచెల గుడ్డ 54. రాత్రి మనిషే లేడు. చక్రాలు విప్పి పళ్ళు లెక్కపెట్టాను, అన్నిటికీ ఒకటే లెక్క. ఆ మూడూ కొత్త పట్టీ చుట్టినవి.

అయినా నాకు వెంటనే తట్టలేదు, ఉన్నమాట చెప్పాలి. రాత్రి అన్నం తింటూ మంచినీళ్ళ గ్లాసు చూస్తుంటే తట్టింది. ఎనిమిదో తరగతిలో లెక్కల సారు స్టీలు గ్లాసుకు దారం చుట్టించి, ఆ దారం పొడవు కొలిపించారు. సారు వేదిక మీదే ఉన్నారు. ఆ రోజు నా లెక్క తప్పొచ్చిన సంగతి ఆయనకు గుర్తుండకపోవచ్చు, నా అరచేతికి మాత్రం గుర్తుంది. అన్నం సగంలో వదిలేసి కార్ఖానాకు పోయి, రోలర్లకు పోగు చుట్టి కొలిచాను. ఎమరీ రోలర్ చుట్టుకొలత 31 సెంటీమీటర్ల 4 మిల్లీమీటర్లు. రబ్బరు రోలర్‌ది 32 సెంటీమీటర్ల మీద 3 మిల్లీమీటర్లు దాటింది.

ఎమరీ మందం ఒక మిల్లీమీటరు. నేను చుట్టిన రబ్బరు రెండున్నర. తేడా ఒకటిన్నరే, కాని అది రోలర్‌కు రెండు వైపులా పెరుగుతుంది కాబట్టి అడ్డకొలత 100 నుంచి 103 మిల్లీమీటర్లయింది. అంటే రోలర్ ఒక్క చుట్టు తిరిగితే నూటికి మూడు వంతుల గుడ్డ ఎక్కువ లాగుతుంది. నాడె కొట్టే దెబ్బలు మాత్రం అన్నే. 56ను 1.03తో భాగిస్తే 54 చిల్లర వస్తుంది. ఎవరూ రాత్రి చక్రం మార్చలేదు. మార్చింది నేనే, పట్టపగలు, గమ్ము రాసి మరీ.

తెల్లారి ఆరు వందలు పట్టుకొని వాళ్ళింటికి పోయాను. పైసలు తీసుకున్నాడు. "నలుగురిలో అడిగినవు, నలుగురిలోనే చెప్పు" అన్నాడు. చౌరస్తాలో చాయ్ హోటల్ దగ్గర, ఆ రోజు ఉన్న నలుగురినీ పిలిచి చెప్పాను. అయినా పనికి రాలేదు. ఏడాదిన్నర వేరే కార్ఖానాలో చేశాడు.

సాంచెల సంగతి తొందరగానే తేలింది. నా సాంచెలకు చక్రంలో ఒక పన్ను పెరిగితే ఒక పిక్కు పెరుగుతుంది. ఆ మూడింటికీ 58 పళ్ళది ఎక్కించాను. పిక్కులు 56కు కొంచెం పైన వచ్చాయి, సేటు మారు మాట్లాడలేదు. కాని ఒకే కార్ఖానాలో రెండు రకాల చక్రాలుంటే ఎప్పుడో ఒకప్పుడు తారుమారవుతాయని, సన్న పట్టీ కోసం వెతకడం మొదలుపెట్టాను. ఆ వెతుకులాటే తర్వాత నాకు దుకాణమైంది.

వెతుకుతూ ఇంకో దెబ్బ తిన్నాను. ఒక వ్యాపారి చవకగా ఇచ్చిన పట్టీ మందం సరిగ్గానే ఉంది. రెండు నెలలకు అంచులు ఉబ్బి, చేతికి అంటుకోవడం మొదలైంది. సాంచె అంటే నూనె చుక్కలు తప్పవు కదా. మామూలు రబ్బరు నూనె తాగి ఉబ్బుతుంది, మెత్తబడుతుంది. నూనెకు తట్టుకునేది నైట్రైల్ రబ్బరు. చూడ్డానికి రెండూ ఒకలాగే ఉంటాయి, వాసన చూసి చెబుతామనేవాళ్ళను నమ్మకండి. ఇప్పుడు ఏ కొత్త సరుకొచ్చినా ఒక ముక్క కోసి, సాంచెకు వాడే నూనెలోనే రెండు రోజులు నానేసి, ముందూ వెనకా మందం కొలుస్తాను. తర్వాతే చుట్ట కొంటాను.

పొడవు లెక్క కూడా గ్లాసు లెక్కే. రోలర్ చుట్టుకొలతను రోలర్ పొడవుతో గుణించి, పట్టీ వెడల్పుతో భాగించాలి. 314 మిల్లీమీటర్ల చుట్టుకొలత, మీటరున్నర పొడవు, 50 మిల్లీమీటర్ల పట్టీ అయితే 9 మీటర్ల 42 సెంటీమీటర్లు. కొసలకు కలుపుకొని పది మీటర్లు తీసుకోవాలి. పట్టీ ఏటవాలుగా తిరుగుతుంది కాబట్టి మొదటి కొసను ఒక చుట్టు పొడవున కోసుగా కోయాలి, అప్పుడే రోలర్ అంచుకు సమంగా కూర్చుంటుంది. గుడ్డ లాగుతుంటే చుట్టు బిగుసుకునే వైపు చుట్టాలి, విప్పుకునే వైపు కాదు. మరీ సాగదీసి చుడితే పట్టీ పలచబడి మళ్ళీ పిక్కుల లెక్క తప్పుతుంది.

2017లో బతుకమ్మ చీరల పని వచ్చాక సాంచెలకు తీరిక లేకుండా పోయింది. పట్టీలు అరిగి అడిగేవాళ్ళు పెరిగారు. ఒక్కడి వల్ల కాలేదు. రోలర్ తిప్పడానికి ఒకరు, పట్టీని ఒకే బిగువుతో పట్టుకోవడానికి ఒకరు కావాలి. బిగువు పట్టే చెయ్యి మా బెంచీవాడిది. అడిగితే వెంటనే ఒప్పుకోలేదు. "కూలీ కాదు, సగం వాటా" అన్నాడు. సరే అన్నాను. ఇప్పటికీ తిప్పేది నేను, పట్టేది వాడు.

బయట భోజనాల దగ్గర బల్ల మీద నాలుగు రకాల ముక్కలు పెట్టాం. చేత్తో తడిమి చూడండి. పట్టీ కావాల్సిన ఆసాములు మాత్రం ఫోన్లో ఫోటో పంపకండి, ఫోటోలో మందం కనపడదు. పాత పట్టీ ముక్క బెత్తెడు కోసి తీసుకురండి, వచ్చేటప్పుడు రోలర్‌కు ఒక పోగు చుట్టి కొలిచి తెండి.