యుద్ధమును గూర్చి అభ్యర్థి నడుగవలసిన ప్రశ్న



కాలిఫోర్నియాలో విద్యాభ్యాసము ముగించి నేడు పట్టములు పుచ్చుకొనుచున్న మీలో అనేకులు ఈ దేశపు ఓటరులు కానున్నారు. కావున, పన్నులను గూర్చియు వీసాలను గూర్చియు అభ్యర్థులను నిలదీసి యడుగు మనవారు, యుద్ధము మాట వచ్చినంతనే ఏల మౌనము వహించుచున్నారో ఆలోచింపుడని కోరుట నా ధర్మమని తలంచుచున్నాను.

యుద్ధప్రకటనాధికారమును అమెరికా రాజ్యాంగము కాంగ్రెసునకే ఒసంగినది. ఎన్నికల వేదికలపై వినవచ్చు శాంతివచనములు ఎంతకాలము నిలుచునో చరిత్ర యెఱుగును. దేశమును సమరమునకు దూరముగా నుంచిన వాడన్న ప్రతిష్ఠతో 1916 నవంబరులో గెలిచిన అధ్యక్షుడు విల్సన్, ఐదు నెలలైన నిండకమునుపే యుద్ధప్రకటన కోరెను. 1964లో శాంతికాముకుడై ఓట్లడిగిన అధ్యక్షుడు జాన్సన్, మరుసటి మార్చిలోనే వియత్నాం తీరమున మెరైన్ దళములను దింపెను. అందుచే నేను అభ్యర్థి వాగ్దానమును వినుటకు ముందు, దేశమంతయు ఆగ్రహముతో ఊగిపోవు దినమున అతడు వేసిన ఓటును చూతును.

సెప్టెంబరు 11 దాడుల పిమ్మట, 2001 సెప్టెంబరు 14న అట్టి దినము వచ్చినది. నలుగురితో నారాయణ యనుట సులభమైన ఆ వేళ, ప్రతినిధుల సభలో 420 మంది ఔననగా, మన పొరుగుననే యున్న ఓక్‌లాండ్ ప్రతినిధి బార్బరా లీ యొక్కతెయే కాదనెను. అధ్యక్షునకు సైనికబలము ప్రయోగించు అధికార మొసంగు ఆ తీర్మానపు కీలకవాక్యము 60 పదములు మాత్రమే. అందు కాలపరిమితి లేదు, శత్రుదేశము పేరు లేదు. ఆమె ఆక్షేపణ అదియే. బెదరింపులు వచ్చినవి, పోలీసు రక్షణ వలసినది. అయినను మరుసటి యేట ఓక్‌లాండ్ ప్రజలు ఆమెనే గెలిపించిరి. ఆ ఓటరులను నేను ఆమెకంటెను అధికముగా గౌరవింతును.

ఒంటరిగా నిలిచినంత మాత్రమున ఎవరును సత్యవాదులు కారు. 1941లో, పెర్ల్ హార్బరు దాడికి మరునాడు, 388 మందికి ఎదురొడ్డి యుద్ధప్రకటనను కాదన్న ప్రతినిధి జెనెట్ రాంకిన్ ధైర్యమునకు నమస్కరింతునుగాని, ఆ ఓటుతో ఏకీభవింపజాలను. నేను చూడగోరునది విచారణ. 2002 అక్టోబరులో ఇరాకుపై యుద్ధాధికార మొసంగు తీర్మానమునకు ముందు, ఇరాకు ఆయుధములను గూర్చిన గూఢచారి శాఖల నివేదిక, సుమారు 90 పుటలది, సెనేటరులకు అందుబాటులో నుండెను. పూర్తిగా చదివినవారు మిక్కిలి కొలదిమంది. చదివిన సెనేటరు బాబ్ గ్రాహాం కాదనెను, 77 మంది ఔననిరి. ఏ ఆయుధములకై దండు వెడలిరో అవి దొరకనేలేదు. ఆనాడు ఔనన్న హిల్లరీ క్లింటనునకు 2008 అధ్యక్షాభ్యర్థిత్వపు పోటీలో ఆ ఓటే ప్రతిబంధకమైనది.

రాయబారపు పద్యములు నోట నానుచుండు జాతివారమైన మనకు, కయ్యమునకు ముందు సంధియత్నము ఎంతవరకు జరిగినదని యడుగుట కొత్త గాదు. మనలో పౌరసత్వము లేనివారు, ఓటు లేదని సంకోచింపనక్కరలేదు. గ్రీన్ కార్డు గల యువకుల పేర్లును 18 ఏండ్లు నిండినంతనే సెలెక్టివ్ సర్వీసున నమోదు కావలెనని చట్టము. ఓటు లేని కుమారుని పేరు సైన్యమునకు పిలువదగిన వారి పట్టికలో నుండగా, అతని తల్లి టౌన్‌హాల్ సభలో లేచి, “అయ్యా, ఆ నివేదిక తాము చదివితిరా?” అని ప్రతినిధిని అడుగుటలో తప్పేమున్నది?