ఊరి లెక్కలో మన లెక్క



పుట్టింటి ఊరి గురించి అడిగితే మనలో ఎవరమైనా గంటసేపు చెబుతాం. చెరువు, గుడి, తీర్థం, ఎవరి పెళ్ళిలో ఎవరు అలిగారు, అన్నీ చెబుతాం. కాని మీ ఊరి వయస్సెంత, అందులో జనమెంత అంటే మాత్రం "ఏమోనండి, మగవాళ్ళనడగాలి" అంటాం. నేనూ అంతే. అత్తిలి పక్క పల్లెకు కోడలినై వెళ్ళాను, సుబ్రహ్మణ్యేశ్వరస్వామి షష్ఠికి ఎన్నిసార్లు వెళ్ళానో లెక్కలేదు. అయినా ఆ నేలకు వెయ్యేళ్ళ పైబడిన చరిత్ర ఉందని చాలాకాలం తెలియదు.

వేంగిని ఏలిన తూర్పు చాళుక్యులలో రెండవ అమ్మరాజు అని ఒకాయన ఉండేవాడు. క్రీ.శ. 945 నుంచి 970 వరకు రాజ్యం చేశాడు. ఆయన వేయించిన ఒక రాగిశాసనంలో 'అత్తిలినాండు' అనే సీమ పేరుంది. ఆ సీమలోని కలుచుంబర్రు అనే ఊరిని ఒక జైన గుడికి దానమిచ్చినట్లు అందులో రాశారు. ఆ కలుచుంబర్రే నేటి కంచుమర్రు అని శాసనాలు చదివిన పండితులు తేల్చారు. ఊరి పొలిమేరలు చెబుతూ ఆరువిల్లి, ఇడియూరు అన్నారు. ఆ వైపు వాళ్ళకి ఇంకా చెప్పాలా! మన ఆరవల్లి, ఈడూరు! పేరు కొంచెం నలిగింది గాని ఊరు కదలలేదు.

దానం దేనికోసమో తెలుసా? గుడి గోపురానికి కాదు, అన్నం పెట్టే శాలకు మరమ్మతులకని. ఆ దానం చేయించినది చామెకాంబ అనే స్త్రీ. పట్టవర్ధిక వంశంలో పుట్టి, అర్హనంది అనే జైన గురువుకు శిష్యురాలైంది. పదిమంది తినే చోట పైకప్పు కారుతోందని ఆడదానికి తోచడంలో వింతేముంది? వింత ఏమిటంటే, ఆమె పేరును రాగిరేకు మీద చెక్కడం.

ఇక జనం సంగతి. డెల్టా అనగానే పచ్చగా, కిటకిటలాడుతూ ఉంటుందనుకుంటాం. ఎప్పుడూ అలా లేదు. 1821లో రాజమండ్రి జిల్లాలో 7 లక్షల 38 వేల మంది ఉండేవారు. 1841కి 5 లక్షల 61 వేలకు దిగిపోయారు. ఇరవై ఏళ్ళలో నలుగురిలో ఒకరు లేకుండా పోయారన్నమాట! మధ్యలో 1833 నాటి నందన కరువు వచ్చింది. గోదావరి పక్కనే పారుతోంది, పొలానికి మాత్రం చుక్క రాదు. 1847లో కాటన్ దొరగారు ధవళేశ్వరం ఆనకట్ట మొదలుపెట్టి 1852కి పూర్తి చేశాక కాలవలు పారాయి, జనం నిలిచారు. 1891 నాటికి గోదావరి జిల్లా జనాభా ఇరవై లక్షలు దాటింది. 1859లో జిల్లా ఎల్లలు మారాయి కాబట్టి ఆ పెరుగుదలంతా నీళ్ళ పుణ్యమే అనలేం. ఎల్లల సంగతంటారా, అదొక తమాషా. అత్తిలి ఉన్నచోటే ఉంది. జిల్లా మాత్రం గోదావరి అయింది, 1904లో కృష్ణా అయింది, 1925లో పశ్చిమ గోదావరి అయింది. పక్కనే స్కిన్నెరపురం అని ఒక ఊరు కూడా ఉంది. పేరు దొరలది, వరిచేలు మనవి.

ఇంతకీ లెక్కల్లో మనమెక్కడున్నాం? 2011 జనాభా లెక్కలప్పుడు నేను అత్తగారింట్లో ఉన్నాను. బడి మాష్టారొకాయన కాగితాలు పట్టుకుని వచ్చారు. మా అత్తగారు దొడ్లో పేడ ఎత్తుతున్నారు. "పెద్దమ్మగారు ఏం పని చేస్తారండీ?" అని ఆయన అడిగితే, అరుగు మీద పేపరు చదువుతున్న మా మరిది తలెత్తకుండానే "ఏం పని లేదండీ, ఇంట్లోనే" అన్నాడు. మాష్టారు అదే రాసుకున్నారు. నేను కాఫీ ఇచ్చి ఊరుకున్నాను. ఆ మాట ఇప్పటికీ గుచ్చుకుంటుంది.

తర్వాత తెలిసింది, ఆ లెక్కల నిబంధనల్లో ఇంటి వాడకానికే అయినా పాడి చేసేవారిని పని చేసేవారిగానే రాయాలని ఉందట. రెండు గేదెలకు గడ్డి వేసి, కుడితి పెట్టి, పాలు పితికే మనిషి పనిలేనిదైపోయింది, అడిగినప్పుడు చెప్పేవాళ్ళు లేక! వంట, పిల్లలు, ముసలివాళ్ళ సేవ అయితే నిబంధనల్లోనూ పని కిందికి రావు. అది వేరే పోట్లాట.

2021లో జరగవలసిన లెక్కలు ఆగిపోయి, 2027కి పడ్డాయి. గుమ్మంలోకి మనిషి వచ్చినప్పుడు ఆ పక్కన మనమే నిలబడి, వయస్సు, చదువు, చేసే పని మన నోటితో మనమే చెబుదాం. పల్లెలో ఉన్న అమ్మకు, అత్తకు ముందుగా ఫోను చేసి చెబుదాం. కుట్టుపని చేసినా, అప్పడాలు చేసి అమ్మినా దాచవద్దు.

మా అత్తగారికి ఈ సంగతి చెబితే, "గేదెల్ని లెక్కపెట్టడానికి కూడా వస్తారుగా అమ్మాయ్, మరి వాటికి పనుందని రాశారా?" అన్నారు. నిజమే, పశువుల లెక్కలు వేరే ఉన్నాయి. వాటిలో పాలిచ్చే గేదెలకు ప్రత్యేకంగా ఒక గడి కూడా ఉందిట.