తలుపు తెరిచాక: పారిస్ 8 విశ్వవిద్యాలయంలో స్త్రీల చదువు



ఎలెన్ సిక్సూ పేరు మీలో చాలామంది వినే ఉంటారు. ఇంగ్లీషు ఎం.ఏ. చేసినవాళ్ళు ఆమె 1975లో రాసిన 'మెడూసా నవ్వు' వ్యాసాన్ని సాహిత్య సిద్ధాంతాల పేపర్లో చదివి పరీక్ష కూడా రాసి ఉంటారు. స్త్రీ తన శరీరాన్ని తానే రాసుకోవాలని ఆమె అన్నదని మాస్టార్లు చెబుతారు. అక్కడితో పాఠం అయిపోతుంది. ఆమె నెలకొల్పిన ఒక కోర్సుకి గుర్తింపు తీసేస్తే, ఆ గుర్తింపు కోసం ప్రభుత్వంతో పోరాడాల్సి వచ్చిందని మాత్రం ఎవరూ చెప్పరు. ఫ్రెంచి స్త్రీవాదం మన దాకా పుస్తకాలుగా వచ్చింది, ఆఫీసు ఫైళ్ళు రాలేదు. నేను సోషియాలజీ మనిషిని కనుక నాకు ఫైళ్ళంటేనే ఆసక్తి. ఇవాళ ఆ వైపు కథే చెప్తాను.

కథంతా ఒక విశ్వవిద్యాలయం చుట్టూ తిరుగుతుంది. ఇప్పుడు దాని పేరు పారిస్ 8. ప్రధానంగా కళలు, భాషలు, తత్వశాస్త్రం, సామాజిక శాస్త్రాలు బోధించే ప్రభుత్వ విశ్వవిద్యాలయం. 1968 మేలో విద్యార్థులు, కార్మికులు కలిసి ఫ్రాన్సును స్తంభింపజేశాక, కొత్తగా వచ్చిన విద్యామంత్రి ఎడ్గార్ ఫోర్ పారిస్ తూర్పు అంచున వాన్సెన్ అడవిలో ఒక 'ప్రయోగాత్మక కేంద్రం' పెట్టించాడు. సైన్యం చేతిలో ఉన్న స్థలం, గడువు మీద ఇచ్చారు. 1969 జనవరిలో పాఠాలు మొదలయ్యాయి. తత్వశాస్త్ర శాఖకి ఫూకో అధిపతి. తర్వాత డెల్యూజ్, ల్యోతార్ వచ్చారు. ఈ పెద్ద పేర్ల గురించి చాలా పుస్తకాలున్నాయి, నేను వాటి జోలికి పోను.

నాకు ముఖ్యమనిపించేది అక్కడి ప్రవేశ నిబంధన. ఫ్రాన్సులో విశ్వవిద్యాలయంలో అడుగుపెట్టాలంటే 'బాకలోరియా' పరీక్ష పాసవ్వాలి. 1968లో ఆ వయసు పిల్లల్లో అయిదుగురిలో ఒకరికే ఆ పట్టా దక్కేది. వాన్సెన్‌లో అది లేకపోయినా చేర్చుకున్నారు. ఫ్యాక్టరీ పనివాళ్ళు, గుమాస్తాలు, మధ్యలో చదువు మానేసిన ఆడవాళ్ళు, అల్జీరియా వంటి పాత వలసల నుంచీ మూడో ప్రపంచ దేశాల నుంచీ వచ్చినవాళ్ళు చేరారు. ఉద్యోగాలు చేసుకునేవాళ్ళ కోసం సాయంత్రం, రాత్రి తరగతులు నడిపారు. ఆవరణలోనే పసిపిల్లల్ని చూసుకునే కేంద్రం ఉండేది. సుమారు 8,000 మంది కోసం కట్టిన చోట, పదేళ్ళు తిరక్కుండా 30,000 మంది చదువుతున్నారు.

ఈ పసిపిల్లల కేంద్రాన్ని చిన్న విషయమని దాటేయకండి. ఫ్రాన్సులో పెళ్ళయిన స్త్రీ భర్త అభ్యంతరాన్ని లెక్కచేయకుండా ఉద్యోగం చేసే హక్కు, సొంతంగా బ్యాంకు ఖాతా తెరుచుకునే హక్కు పొందింది 1965లోనే! మరో నాలుగేళ్ళకి వాన్సెన్ తలుపులు తెరుచుకున్నాయి. రాత్రి తరగతికి స్త్రీలూ రావచ్చనడం ఒకటి, వాళ్ళ పిల్లల్ని ఎవరు చూసుకుంటారని ఆలోచించడం ఇంకొకటి. నా పీహెచ్‌డీ రోజుల్లో మా లైబ్రరీ రాత్రి ఎనిమిదింటి దాకా తెరిచి ఉండేది, ఆడపిల్లల హాస్టలు గేటు ఆరున్నరకే మూసేవారు. ఏ విశ్వవిద్యాలయమో చెప్పను, మీలో చాలామందికి ఏ గేటు గుర్తొస్తే అదే అనుకోండి. కాగితం మీద లైబ్రరీ అందరిదీనూ.

అంతమాత్రాన వాన్సెన్ స్వర్గమేమీ కాదు. 1970 వసంతంలో స్త్రీ విముక్తి ఉద్యమం తన మొదటి బహిరంగ సమావేశాల్లో ఒకటి అక్కడే పెట్టుకుంది. విప్లవం గురించి గంటల తరబడి మాట్లాడగల మగ విద్యార్థులే ఆ స్త్రీల మీద బూతులు విసిరారు. వామపక్ష మిత్రులతో పనిచేసినవాళ్ళకి ఇందులో ఆశ్చర్యం ఉండదు. 1974లో ఇంకోటి జరిగింది. మనోవిశ్లేషణ శాఖలో పాఠాలు చెబుతున్న ల్యూస్ ఇరిగరే, ఫ్రాయిడ్ మొదలు ప్లేటో దాకా ఆడదాన్ని మగవాడి అద్దంగానే చూశారని ఒక పుస్తకం రాసింది. ఆ శాఖ లకాన్ అనుయాయుల చేతుల్లో ఉండేది. పుస్తకం వచ్చిన కొద్దికాలానికే ఆమె కోర్సు పోయింది. బాకలోరియా లేని కార్మికుడికి చోటిచ్చిన విశ్వవిద్యాలయంలో డాక్టరేటున్న స్త్రీ తన శాఖలో నిలవలేకపోయింది. తలుపు తెరవడం అధికారానికి అంత కష్టం కాదు, లోపలికొచ్చినవాళ్ళు ఏం చెబుతారన్న దగ్గరే దానికి చిక్కు.

అదే 1974లో, అక్కడే, సిక్సూ స్త్రీల అధ్యయనాల కేంద్రాన్ని మొదలుపెట్టింది. యూరప్‌లో ఆ విషయంలో డాక్టరేట్ చేసే వీలు కల్పించిన మొదటి చోటు అది. (మన దేశంలో స్త్రీల స్థితిగతుల మీద 'సమానత్వం వైపు' నివేదిక తయారైంది కూడా ఆ ఏడాదే.) ఆమె అల్జీరియాలోని ఒరాన్‌లో యూదు కుటుంబంలో పుట్టింది. వాన్సెన్ రూపకల్పనలో మొదటినుంచీ ఉంది.

ఇక ఫైళ్ళ సంగతి. ఫ్రాన్సులో డిగ్రీ మీద విలువ ముద్ర వేసేది రాజ్యం. విశ్వవిద్యాలయం పాఠం చెప్పుకోవచ్చు, సొంత సర్టిఫికెట్ ఇచ్చుకోవచ్చు. మంత్రిత్వ శాఖ గుర్తింపు లేకపోతే అది జాతీయ పట్టా కాదు, ప్రభుత్వోద్యోగాల పోటీ పరీక్షల దగ్గర చెల్లదు. 1970లోనే మంత్రి ఒలివియే గిషార్ వాన్సెన్ తత్వశాస్త్ర పట్టాకి ఈ గుర్తింపు తీసేశాడు. తలుపులకి తాళం వేయలేదు, పోలీసుల్ని పంపలేదు, ఒక్క సంతకం చాలింది. 1980లో రేమో బార్ ప్రభుత్వం స్త్రీల అధ్యయనాల పట్టాకీ అదే గతి పట్టించింది. అదే ఏడాది వేసవిలో విశ్వవిద్యాలయాన్ని పారిస్ ఉత్తరాన కార్మికులు, వలస కుటుంబాలు ఎక్కువగా ఉండే సాన్ దెనీకి తరలించి, వాన్సెన్ భవనాలను బుల్డోజర్లతో నేలమట్టం చేశారు. అప్పటి విశ్వవిద్యాలయాల మంత్రి ఆలిస్ సోనియే సెయితే, స్త్రీ. కుర్చీలో ఆడమనిషి ఉంటే చాలునని వాదించేవాళ్ళకి నేను ఈ పేరు చెబుతుంటాను.

ఫూకో, డెల్యూజ్‌ల శాఖకి జరిగిన అన్యాయం చరిత్రలో కథగా మిగిలింది. సిక్సూ కేంద్రానికి జరిగింది చాలామందికి తెలియదు. 1981లో వామపక్ష ప్రభుత్వం వచ్చాక గుర్తింపు తిరిగొచ్చింది. 1995లో మళ్ళీ ప్రమాదంలో పడితే దేశదేశాల నుంచి నిరసనలు వెళ్ళాయి, మళ్ళీ నిలిచింది. ప్రభుత్వం మారినప్పుడల్లా ఒక విషయం చదువో కాదో తేలుతుంటే, అందులో చేరిన అమ్మాయి తన థీసిస్ ఏ ధైర్యంతో మొదలుపెట్టాలి? మనకీ ఇది కొత్త కాదు. 2017లో పంచవర్ష ప్రణాళికలు ముగిసేసరికి, యూజీసీ డబ్బుతో నడిచే స్త్రీల అధ్యయన కేంద్రాలు వచ్చే ఏడాది ఉంటామో ఉండమో తెలియక ఎదురుచూశాయి.

సాన్ దెనీలో పారిస్ 8 ఇప్పటికీ ఉంది, 20,000 మందికి పైగా చదువుతున్నారు, జెండర్ అధ్యయనాలూ ఉన్నాయి. ఈసారి తలుపు మూసే పద్ధతి మారింది. 2018 నవంబరులో ఫ్రెంచి ప్రభుత్వం, యూరోపియన్ యూనియన్ బయటి దేశాల విద్యార్థులకి ఏడాది రుసుం డిగ్రీకి 170 యూరోల నుంచి 2,770కి, మాస్టర్స్‌కి 243 నుంచి 3,770కి పెంచుతున్నామంది. ఆ పథకానికి పెట్టిన పేరు 'ఫ్రాన్సుకి స్వాగతం'! వ్యతిరేకించిన విశ్వవిద్యాలయాల్లో పారిస్ 8 ఒకటి. 2019 అక్టోబరులో రాజ్యాంగ మండలి ప్రభుత్వ ఉన్నత విద్య ఉచితంగా ఉండాలనీ, కొద్దిపాటి రుసుం తీసుకోవచ్చనీ చెప్పింది. 2020 జూలైలో అత్యున్నత పరిపాలనా న్యాయస్థానం ఈ పెంపు ఆ సూత్రానికి విరుద్ధం కాదని తీర్పిచ్చింది. అల్జీరియాలోనో సెనెగల్‌లోనో ఒక ఇంట్లో కొడుకూ కూతురూ ఇద్దరూ పారిస్ చదువుకి అర్హులైతే, పదహారు రెట్లు పెరిగిన ఆ డబ్బు ఎవరి కోసం కడతారో ఆ న్యాయమూర్తుల ముందు ప్రశ్నగా రాలేదు.