ఇద్దరు అధ్యక్షుల ఉత్తరములు

తోక లేని పిట్ట తొంబది ఆమడలు పోవునని ఉత్తరమును గూర్చి మన పిల్లలు పొడుపుకథ వేయుచుందురు. ఆ పిట్ట ఒక్కొక్కప్పుడు మనము పంపిన చోటనే గాక, పంపని చోటను వాలును. అప్పుడు స్నేహములు చెడును. అట్లు చెడిన స్నేహమును తిరిగి నిలుపగలిగినదియు ఉత్తరమే. ఈ రెండింటికిని అమెరికా సంయుక్త రాష్ట్రముల తొలినాళ్ల చరిత్రలో చక్కని నిదర్శనము కలదు. అది ఆ దేశపు రెండవ అధ్యక్షుడు జాన్ ఆడమ్స్, మూడవ అధ్యక్షుడు తామస్ జెఫర్సన్ అను వారి ఉత్తరముల కథ.

ముందుగా ఆ కాలపు తపాలా పద్ధతిని కొంత తెలిసికొందము. 1792లో అమెరికా కాంగ్రెసు తపాలా చట్టమును చేసెను. ఒక్క కాగితపు ఉత్తరమునకు 30 మైళ్ల లోపు 6 సెంట్లు, 450 మైళ్లు దాటినచో 25 సెంట్లు రుసుము. కాగితములు రెండైనచో రుసుమును రెట్టింపు. అందుచే జనులు కవరు వాడక, వ్రాసిన కాగితమునే మడిచి, లక్కముద్ర వేసి, పై మడతమీద చిరునామా వ్రాసెడివారు. డబ్బు సాధారణముగా అందుకొన్నవారే చెల్లించెడివారు. పరుల ఉత్తరమును విప్పిన తపాలా ఉద్యోగికి చట్టము శిక్ష విధించెను. కాని గమ్యము చేరి ముద్ర విడిన పిమ్మట ఉత్తరమునకు రక్షణ ఎక్కడిది? అందిన జాబును ఇంటిల్లిపాది ముందు చదువుట, మిత్రులకు చూపుట, నకలు వ్రాసికొనుట నాటి వాడుక. పార్టీ కక్షలు ముదిరిన ఆ రోజులలో అట్టి నకలు పత్రికలవారి చేతబడినచో ఇక చెప్పనేల!

జెఫర్సనునకే ఆ అనుభవము కలిగెను. 1796లో ఇటలీలోనున్న తన మిత్రుడు ఫిలిప్ మాజ్జేయికి వ్రాసిన జాబులో ఆయన ఎదుటి పక్షమువారిని కటువుగా నిందించెను. అది ఫ్రెంచి భాషలోనికి మారి పారిసులో అచ్చుపడి, మరల ఇంగ్లీషులోనికి మారి 1797లో అమెరికా పత్రికల కెక్కెను. ఆ నింద జార్జి వాషింగ్టనునకే తగులునని లోకము తలచెను. ఆ తరువాత వాషింగ్టనునకును జెఫర్సనునకును నడుమ ఉత్తరములు నడువలేదు.

ఆడమ్స్, జెఫర్సనులు 1776లో స్వాతంత్ర్య ప్రకటనను సిద్ధపరచిన సంఘమున కలిసి పనిచేసిన మిత్రులు. తరువాత ఒకరు లండనులోను, ఒకరు పారిసులోను రాయబారులై ఆత్మీయముగా జాబులు వ్రాసికొనిరి. రాజకీయములు వారిని విడదీసెను. 1800 నాటి ఎన్నికలో ఆడమ్సును ఓడించి జెఫర్సన్ అధ్యక్షుడయ్యెను. 1801 మార్చి 4వ తేదీన, క్రొత్త అధ్యక్షుని ప్రమాణ స్వీకారమునకు నిలువక, ఆడమ్స్ తెల్లవారకముందే రాజధాని విడిచి స్వగ్రామమగు క్విన్సీకి తరలెను. ఆపైన దాదాపు పదునొకండు సంవత్సరములు మౌనము.

ఈ నడుమ ఒక ప్రయత్నము జరిగెను. 1804లో జెఫర్సన్ కుమార్తె మేరియా మరణించెను. ఆ బిడ్డను పసితనమున లండనులో కొన్నాళ్లు సాకినది ఆడమ్స్ భార్య అబిగెయిల్. ఆమె మనసు నిలువక, భర్తకు చెప్పకయే జెఫర్సనును ఓదార్చుచు జాబు వ్రాసెను. ఆయన బదులు వ్రాయుచు పాత రాజకీయములను కదపెను. ఆమెయు ఊరకుండలేదు. ఓదార్పుతో మొదలైన జాబులు వాదములై, కొన్ని నెలలలోనే ఆగిపోయెను. దుఃఖము కలిపిన వారిని లెక్కలు విడదీసెను.

అటుపై పూనుకొన్నవాడు ఫిలడెల్ఫియా వైద్యుడు బెంజమిన్ రష్. ఇరువురికిని మిత్రుడగు ఆయన 1809లో ఆడమ్సునకు వ్రాయుచు, వీరిద్దరును జాబులతో మరల కలిసినట్లు తనకు కల వచ్చినదని చెప్పెను. ఆ కల పండుటకు రెండేండ్లకు పైగా పట్టెను. 1812 జనవరి 1వ తేదీన ఆడమ్స్ చిన్న జాబు వ్రాసి, ఇంట నేసిన గుడ్డ ముక్కలు రెండు వేరుగా పంపుచున్నానని అందు తెలిపెను. జాబు ముందు చేరెను, పొట్లము వెనుకబడెను. జెఫర్సన్ అది నిజముగా గుడ్డయే అనుకొని, వర్జీనియా ఇండ్లలోని నూలు వడకుటను, నేతను గూర్చి విపులముగా బదులు వ్రాసెను. పొట్లము విప్పి చూడగా అవి ఆడమ్స్ కుమారుడు జాన్ క్విన్సీ రచించిన అలంకారశాస్త్రోపన్యాసముల రెండు సంపుటములు! ఇట్లు ఒక పరిహాసముతో మౌనము తెగెను.

తరువాతి పదునాలుగేండ్లలో ఆ రెండిండ్ల నడుమ 158 ఉత్తరములు నడిచెను. అందు ఆడమ్స్ వ్రాసినవి 109. జెఫర్సనునకు మణికట్టు పాత గాయముతో పట్టుదప్పినది. 1820వ సంవత్సరమొక్కదానిలోనే తనకు 1,267 ఉత్తరములు వచ్చినవని ఆయన లెక్కించి చెప్పెను. అట్టివాడు వ్రాసిన ప్రతి జాబునకును విలువ ఎంతయో మనము ఊహింపవచ్చును. దారిబట్టి ఐదువందల మైళ్లకు పైబడిన దూరము. ఇరువురును 1801 తరువాత ఎన్నడును కలిసికొనలేదు.

అసలు పరీక్ష 1823లో వచ్చెను. మనస్తాపముతోనున్న కాలమున ఆడమ్స్ తన బంధువు విలియం కన్నింగ్‌హామునకు జెఫర్సనును తూలనాడుచు జాబులు వ్రాసియుండెను. తాను జీవించియుండగా అవి వెలువడరాదని కోరియుండెను. కన్నింగ్‌హాము కుమారుడు వానిని అచ్చువేసెను. రానున్న అధ్యక్ష ఎన్నికలో జాన్ క్విన్సీకి హాని చేయుట దాని ఉద్దేశము. ఎనుబది యేండ్ల జెఫర్సన్ ఆ సంగతి విని, నొప్పిగల చేతితోనే అక్టోబరు 12వ తేదీన ఆడమ్సునకు జాబు వ్రాసెను. అర్ధశతాబ్దపు చెలిమిని ఎవరో నాటిన ముల్లు చెరుపజాలదనియు, ఆ మాటలను మనసున నుంచుకొనవలదనియు దాని సారము. చూపు మందగించిన ఆడమ్స్ దానిని ఉదయపు ఫలహారవేళ ఇంటివారిచేత చదివించెను. విన్నవారందరును ఇంతకన్న మంచి ఉత్తరము లేదనిరట. 1826 జులై 4వ తేదీన, స్వాతంత్ర్య ప్రకటనకు ఏబదియేండ్లు నిండిన నాడు, ఇరువురును కన్నుమూసిరి.

జెఫర్సన్ చేసినది ఒక్కటే యని మాకు తోచుచున్నది. ఆయన ఆ పాత జాబులకు పైనున్న తేదీని కూడ చదివెను. అవి ఓడిన మనిషి కోపములో ఇంకొకరికి వ్రాసినవి. తనకు వ్రాసినవి వేరుగా తన పెట్టెలోనే యున్నవి. ఎన్నడో పలికిన మాట ఎవరి ద్వారమునో నేడు మన చెవిని బడినప్పుడు, దేనిని నమ్మవలెనో నిర్ణయించు భారము వ్రాసినవానిది కాదు, చదువరిదే.